దొంగ లోపలుండగా

రెండోసారి కూడా పోయాయి.

సోమవారం పొద్దున్న ఏడింటికి కంప్యూటర్ ముందు కూర్చుని మా కొట్టు తాళాల పేజీ తెరిచాను. పైన ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. మీ ఖాతా మరొక యంత్రంలో కూడా తెరిచి ఉంది, అని. నేను తెరిచింది ఒక్కటే. ఆ రెండోది మాది కాదు. మొన్న గురువారం మొదటిసారి ఇదే వాక్యం కనిపిస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒక్కటి కూడా వదలకుండా మార్చిన పాస్‌వర్డులివి. నాలుగు రోజులు తిరిగేసరికి అవి కూడా దొంగ చేతిలో ఉన్నాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది నాకు ఆ నిమిషాన బాగా తెలిసింది.

మా ఆయన వెనకాల నిలబడి చదివాడు. చదివి, నాతో కాకుండా గోడతో మాట్లాడాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

గోడకేం తెలుసు పాపం. ఆ మాట నన్నేనని నాకే తెలుసు. ఐదు రోజులుగా ఆయన మాటలన్నీ గోడల మీదుగానే నాకు చేరుతున్నాయి. ఇంట్లో కంప్యూటర్ ముట్టుకునేది నేనొక్కదాన్నే. ఇనప తాళాల కొట్టులోకి అంకెల తాళాలు తెచ్చిపెట్టినదాన్నీ నేనే. తాళంచెవి అక్కర్లేదు, ఆరు అంకెలు నొక్కితే చాలు అని చెప్పి, మూడేళ్ళలో నలభై రెండు తలుపులకి వాటిని బిగించాం. ఆ నలభై రెండు తలుపుల అంకెలూ ఆ పేజీలోనే ఉంటాయి. కాబట్టి కంప్యూటర్లోకి ఏదో చెత్త ఎక్కించింది కూడా నేనే అయ్యుండాలి. లెక్క అంత సులువు ఆయనకి.

నేను ఎక్కించలేదని మొదటి రోజు చెప్పాను, రెండో రోజు అరిచాను, మూడో రోజు నుంచి మానేశాను.

మామయ్యగారు మాత్రం ఈ ఐదు రోజుల్లోనూ నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీ దగ్గర తన బల్ల మీద ఆకురాయి పెట్టుకుని, ఏదో పాత తాళంచెవి పళ్ళు అరగదీస్తూ కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై రెండేళ్ళుగా తాళాల పని. ఈ ఊళ్ళో ఆయన గురించి అందరికీ తెలిసిన మాట ఒకటుంది. ఎవరి ఇంటి తాళానికీ ఆయన మారు తాళంచెవి తన దగ్గర ఉంచుకోరు. ఉంచుకుంటే పని సులువవుతుందని తోటి పనివాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. చేసిచ్చిన చెవిని చేతిలో పెట్టి, అచ్చు తీసిన మైనం ముద్దని ఆ ఇంటివాళ్ళ కళ్ళ ముందే నలిపేసి వచ్చేవారు.

అలాంటి మనిషి ఇంట్లో కోడలు నలభై రెండు ఇళ్ళ తాళంచెవులు ఒక పేజీలో పెట్టుకుంది. ఆ పేజీ పాస్‌వర్డు కంప్యూటర్‌లోనే దాచుకుంది. బ్రౌజర్ అడిగేది, ఇది గుర్తు పెట్టుకోనా అని. అడిగిందే తడవుగా సరే అనేదాన్ని. ఎంత మర్యాద తెలిసిన యంత్రం అనుకునేదాన్ని కూడా.

తొమ్మిదింటికి మెకానిక్ వచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయి, మాటలో వేగమెక్కువ. చెప్పులు విప్పకముందే ఇంటర్నెట్ తీగ ఎక్కడుందని అడిగి పీకేసింది. తర్వాతే కుర్చీ లాక్కుంది.

గురువారం పాస్‌వర్డులు ఏ మిషన్ మీద మార్చారని అడిగింది. దీని మీదే అన్నాను. అన్నీనా అంది. అన్నీ అన్నాను, కాస్త గర్వంగానే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని మార్చిన సంగతి కూడా చెప్పాను.

ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. జ్వరం తగ్గడానికి చన్నీళ్ళలో ముంచాం అని చెప్పిన తల్లి వైపు డాక్టరు అలా చూస్తారేమో.

"దొంగ లోపలుండగా తాళం మార్చారక్కా," అంది. "కొత్త తాళంచెవి వాడి చేతికే ఇచ్చారు."

ఆకురాయి చప్పుడు ఆగింది.

ఎందుకంటే గురువారం నాడు పట్టుబట్టింది మామయ్యగారు. మెకానిక్‌ని పిలిచి చూపిద్దాం, తర్వాత మారుద్దాం అని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తాళంచెవి పోతే పూట దాటకుండా తాళం మార్చాలి, అది మా వృత్తిలో మొదటి పాఠం, అన్నారు. నలభై రెండేళ్ళుగా ఆ పాఠం ఒక్క ఇంట్లోనూ తప్పలేదు. మా ఇంట్లోనే తప్పింది. తాళంచెవి పోగొట్టుకున్నవాడి ఇంట్లో దొంగ ఇంకా కూర్చుని ఉంటాడని ఏ తాళాల పనివాడు మాత్రం అనుకుంటాడు?

ఆయన లేచి వచ్చి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డారు. చేతులు వెనక్కి పెట్టుకుని, బడి పిల్లవాడిలా.

"తలుపు ఎలా తీశాడమ్మా?"

తియ్యలేదు అందామె. ఎవరో ఉచితంగా వచ్చే ప్రోగ్రామ్ ఒకటి దించుకున్నారు. దాని కడుపులో ఇది ఉంది. ఒక ఫొటో అంత కూడా లేదు దీని బరువు. తెరిచినవాళ్ళ పేరు మీదే నడుస్తుంది, అంటే ఇంట్లో మనిషిలాగే తిరుగుతుంది. నేరుగా బ్రౌజర్ దగ్గరికి వెళ్తుంది. దాచిన పాస్‌వర్డులు ఒక పెట్టెలో ఉంటాయి, ఆ పెట్టెకి తాళం ఉంటుంది.

మామయ్యగారు ఆ తాళం సంగతి అడిగారు. గట్టిదేనా అని.

చాలా గట్టిదని చెప్పింది. దాన్ని పగలగొట్టడం ఎవరి తరమూ కాదు. కాని దాని చెవి ఇంట్లోనే ఉండాలి. లేకపోతే మనం అడిగినప్పుడల్లా బ్రౌజర్ దాన్ని ఎలా తెరుస్తుంది? ఇంట్లో మనిషి అడిగితే చెవి ఇస్తారు. వీడు ఇంట్లో మనిషి గొంతుతో అడిగాడు. ఇచ్చారు. అన్నీ నకలు తీసుకున్నాడు, ఎక్కడివక్కడ పెట్టేశాడు. పంపేశాడు.

"ఎంతసేపు?"

ఆమె తెర మీద రెండు సమయాలు చూపించింది. మధ్యలో పదకొండు సెకన్లు.

నాకు భయం వేయాలి. వేయలేదు, ముందు నోరు తెరుచుకుపోయింది. ఎనభై మూడు పాస్‌వర్డులు. మూడేళ్ళ నుంచి నేను ఒక్కొక్కటే దాచుకున్నవి. ఆస్పత్రిది, కరెంటుది, మా పెళ్ళి ఫొటోలవి, కొట్టు ఉత్తరాలవి, తాళాల పేజీది. నేను ఒక గ్లాసు మంచినీళ్ళు తాగే లోపల అన్నీ ఇల్లు దాటిపోయాయి, ఏదీ చోటు మారలేదు, ఒక్క కాగితం కదల్లేదు. ఆ తర్వాత వారం రోజులూ నేను అదే కుర్చీలో కూర్చుని, అదే తెర తుడుచుకుంటూ పని చేసుకున్నాను. వాడు అక్కడే ఉన్నాడు. నేను నొక్కిన ప్రతి అక్షరం చూస్తూ ఉన్నాడు. ఔరా అనుకోకుండా ఉండలేకపోయాను, ఆ మాట అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

మామయ్యగారు సిగ్గుపడలేదు. ఆయన చెయ్యి చాచి, తెర అంచుని వేలి చివరతో తాకారు. పగలగొట్టిన తలుపు దగ్గరికి పిలిచినప్పుడు తాళం మీద వేలు ఎలా నడిపిస్తారో అలాగే. మా ఆయన చిన్నప్పటి నుంచి చూసిన పనే అది. తాళం మీద గీతలు చూసి దొంగ వచ్చింది గడ్డపారతోనా కమ్మీతోనా, ఎడమచేతి వాటమా, తొందరలో ఉన్నాడా, కొత్తవాడా అని చెప్పేస్తారు. పోలీసులు కూడా ఆయన్ని పిలిచి అడుగుతారు.

"గీత పడలేదు," అన్నారు. "నలభై రెండేళ్ళలో ఇంత శుభ్రమైన పని నేను చూడలేదు."

మా ఆయనకి ఒళ్ళు మండింది. దొంగని మెచ్చుకుంటున్నారా అని అడిగాడు. కొంప మునుగుతుంటే నీళ్ళు చల్లగా ఉన్నాయి అన్నట్టుందన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా మామయ్యగారి ముఖం చూస్తే నాకు కోపం రాలేదు. తనకన్నా గొప్ప పనివాణ్ణి జీవితంలో మొదటిసారి కలిసిన మనిషి ముఖం అది. ఆ కలిసిన చోటు తన ఇల్లే కావడం ఆయన ఖర్మ.

అప్పుడు మా ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు. ఈసారి గోడని కాదు, మెకానిక్‌నే. ఇది ఎప్పుడు ఎక్కింది?

మంగళవారం. పొద్దున్న పది నలభైకి.

మంగళవారం పొద్దున్న నేను అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తొమ్మిదింటికి వెళ్ళి ఒంటిగంటకి వచ్చాం. కళ్ళలో చుక్కలు వేస్తే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. మా ఆయన కొట్లో ఉన్నాడు. ఆ సంగతి ఆయనకీ గుర్తొచ్చింది. నాకు తెలుస్తూనే ఉంది, ముందు నా వైపు చూశాడు, తర్వాత వాళ్ళమ్మ వైపు, తర్వాత ఇక ఎటూ చూడలేక నేల వైపు.

"నేనే," అన్నారు మామయ్యగారు.

గొంతు తగ్గించలేదు. పని గురించి చెప్పినట్టే చెప్పారు.

"కోడలు అమ్మే తాళం లోపల ఏముందో చూద్దామనుకున్నాను. విప్పి చూడని తాళాన్ని నేను ఏ తలుపుకీ బిగించలేదు ఇన్నేళ్ళలో. దీన్ని విప్పితే ఆకుపచ్చ రేకు ఒకటుంది. నాకేం అర్థం కాలేదు. అమ్మాయిని అడగటానికి సిగ్గేసింది. ఏ తాళం లోపలైనా బొమ్మ గీసి చూపిస్తాం, ఉచితం, అని కంప్యూటర్లో కనిపించింది."

మెకానిక్ మెల్లగా అడిగింది, యాంటీవైరస్ అడ్డుకోలేదా అని.

"అడ్డుకుంది. కాపలావాణ్ణి కాసేపు పక్కకి పంపించండి అని ఆ ప్రోగ్రామే చెప్పింది. నేనూ అంతే కదమ్మా. తాళం విప్పేటప్పుడు ఇంట్లోవాళ్ళని పక్కకెళ్ళమంటాను. పని తెలిసినవాడి మాటే అనుకున్నాను."

అందరికన్నా ముందు నోరు విప్పింది అత్తయ్య. మసకగా కనిపిస్తున్నా ఆయన ఎక్కడున్నారో సరిగ్గా అటే తిరిగింది.

"ఐదు రోజులుగా ఆ పిల్ల మాటలు పడుతుంటే నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నారు?"

గురువారం దాకా తనదే ఆ పని అని ఆయనకి తెలియదు, బొమ్మ రాలేదు కాబట్టి ప్రోగ్రామ్ పాడైపోయిందనుకున్నారట. గురువారం తర్వాత అనుమానం వచ్చిందట. అనుమానం వచ్చాక ఒక్కొక్క రోజూ చెప్పడం కష్టమైపోయిందట. ఇదంతా తర్వాత అత్తయ్య నాకు చెప్పింది. అప్పుడు మాత్రం ఆయన నా వైపు తిరిగి, చేతులు రెండూ దగ్గరికి తెచ్చారు. నేను వెళ్ళి ఆ చేతులు పట్టుకుని దించేశాను. కోడలికి దణ్ణం పెట్టే రోజు ఆయనకి రాకూడదు.

ఐదు రోజులుగా ఈ క్షణం కోసం ఎదురుచూశాను, నిజం చెబుతున్నాను. నా తప్పు లేదని తేలిన నాడు మా ఆయన్ని నిలబెట్టి ఏమేం అనాలో వరసగా అనుకుని పెట్టుకున్నాను. తీరా ఆ రోజు వచ్చాక ఒక్క మాట గుర్తురాలేదు. తలుపు తీసింది మామయ్యగారు. చెవులన్నీ గుత్తిగా గుచ్చి గుమ్మం దగ్గర వేలాడదీసింది నేను. తిలాపాపం తలా పిడికెడు. మా ఆయన పిడికెడు కూడా ఉంది, ఆయన్ని అడిగితే లేదంటాడు.

మెకానిక్ మా గొడవలో తల దూర్చకుండా తన సొంత లాప్‌టాప్ తెరిచి పని మొదలుపెట్టింది. తాళాల పేజీలో ఉన్న ఆ రెండోవాణ్ణి బయటికి నెట్టింది, అన్నీ మళ్ళీ మార్చింది. ఆ తర్వాత వాడు లోపల ఏమేం చూశాడో చిట్టా తీసింది. ఆ చిట్టా చదువుతూ ఆమె వేగం తగ్గింది.

నలభై రెండు తలుపుల్లో నలభై ఒకటి వాడు ముట్టుకోలేదు. ఒక్క తలుపు అంకెలే తెరిచి చూశాడు. శుక్రవారం ఒకసారి, శనివారం ఒకసారి, నిన్న మధ్యాహ్నం ఒకసారి. పదిహేడో నంబరు.

పేరు చూడకుండానే నాకు తెలుసు పదిహేడు ఎవరిదో. నర్సుది.

రెండేళ్ళ కిందట ఆమె మా కొట్టుకి వచ్చిన రోజు అందరికీ గుర్తుంది. ఎండలో నిండు చేతుల జాకెట్టు వేసుకుని, ఒక చెయ్యి కదపకుండా నిలబడింది. బయటి నుంచి ఎవరూ తీయలేని తాళం కావాలంది. ఎవరి నుంచి అని మేం అడగలేదు, ఆమే చెప్పింది. వదిలేసి వచ్చిన భర్త. ఇప్పటికి రెండిళ్ళు మారింది, రెండు చోట్లా పట్టుకున్నాడు, రెండు చోట్లా ఆమె సంచిలోంచి తాళంచెవి లాక్కుని తలుపు తీశాడు. మామయ్యగారు ఏడు లివర్ల ఇనప తాళం తీసి బల్ల మీద పెట్టారు. నేను అడ్డుపడ్డాను. చెవి ఉంటేనే కదా లాక్కునేది, చెవి లేని తాళం పెడదాం అన్నాను. తెలివైన మాటే. మామయ్యగారు కూడా ఒప్పుకున్నారు. బిగించి వచ్చేటప్పుడు ఆమెతో ఒక మాట కూడా అని వచ్చారు.

"ఈ తలుపుకి నేను పూచీ తల్లీ."

ఇప్పుడు ఆ తలుపు అంకెలు మూడుసార్లు చూసుకున్నవాడు ఎక్కడో ఉన్నాడు. మార్చేద్దామన్నా, కొత్త అంకెలు తాళానికి చేరాలంటే ఆమె ఫోన్ తలుపు దగ్గర ఉండాలి. ఆమె డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఫోన్ తియ్యదు. రెండింటికి ఇంటికొస్తుంది. పొద్దున్న ఆరింటికి ఆమె మూసి వెళ్ళిన తలుపు ఇప్పటిదాకా తెరుచుకోలేదని మాత్రం చిట్టా చెప్పింది. అదొక్కటే మాకు ఊపిరి.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. వెళ్ళాలనేది అందరి మాటే. వెళ్ళి ఏం చెప్పాలన్నదే తగాదా. ఏమీ చెప్పనక్కర్లేదన్నాడు మా ఆయన. తాళాలు ఒకసారి సరిచూస్తున్నాం, ఉచితం, అని చెప్పి మార్చేసి వద్దాం. చెబితే ఆమె ఇంకొకరికి చెబుతుంది, ఆ ఇంకొకరు పదిమందికి. తాళాలవాడి ఇంట్లోనే దొంగ పడ్డాడంటే ఇక కొట్టు మూసుకోవడమే. నలభై రెండేళ్ళ పేరు నాన్నా అని బతిమాలాడు. నిజానికి ఆయన భయమంతా తండ్రి గురించే. ఈ వయసులో ఆ మనిషి ఊళ్ళో తల దించుకోవడం చూడలేడు. అది నాకు తెలుసు కాబట్టే నేను ఎదురు చెప్పలేకపోయాను.

మామయ్యగారు అప్పటికే సంచిలో సామాను సర్దుతున్నారు. స్క్రూడ్రైవర్లు, సుత్తి, ఏడు లివర్ల తాళం.

"పేరు ఎక్కడిదిరా," అన్నారు తల ఎత్తకుండా. "ఆ పిల్లకిచ్చిన మాటే కదా పేరంటే."

నన్ను కూడా రమ్మన్నారు. మా ఆయన కొట్టు తెరవడానికి వెళ్ళాలి, లేకపోతే అక్కడ సంగతేమిటో అనుకుంటారు. వెళ్ళేముందు గుమ్మంలో నా దగ్గర ఆగాడు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి గోడని వదిలి నా ముఖం చూశాడు. ఏదో అనబోయి, నాన్న మెట్లు ఎక్కలేరు, చూసుకో, అన్నాడు. క్షమాపణ అడగడం రాని మనుషులు ఇలాగే అడుగుతారు. నేను పుచ్చుకున్నాను.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మామయ్యగారు ప్రతి మలుపులోనూ ఆగారు, సంచి మాత్రం నాకివ్వలేదు. పై మెట్టు మీద ఆమె తలుపు కనిపించగానే మళ్ళీ ఆగారు. ఈసారి ఆయాసం వల్ల కాదు.

తలుపు మీద, తాళానికి పైన, మా కొట్టు స్టిక్కరు ఉంది. ఎర్రగా, అరచెయ్యంత. మా పేరు, మా నంబరు. బిగించిన ప్రతి తలుపుకీ నేనే అంటించేదాన్ని. వీధిలో పోయేవాళ్ళకి కూడా కనిపించాలని పెద్దదే వేయించాను.

"మన పేరు చూసి మన చెవులు వెతుక్కున్నాడు," అన్నారు మామయ్యగారు. దొంగిలించిన పాస్‌వర్డులు అమ్ముకునే చోట్లు ఉంటాయనీ, ఫలానా కొట్టువి కావాలంటే వెతికి ఇస్తారనీ మెకానిక్ పొద్దున్న చెప్పింది. అప్పుడు అదొక వింతలాగే విన్నాను. మా ఇంట్లో పడిన దొంగకి నర్సు ఎవరో తెలియనక్కర్లేదు. వాడు చెవుల గుత్తి సంతలో పెట్టాడు. ఈ తలుపు ముందు నిలబడి మా పేరు చదువుకున్న మనిషి ఎవడో ఆ సంతకి వెళ్ళాడు. పదకొండు సెకన్ల పని ఎక్కడ మొదలై ఎక్కడి దాకా నడిచి వచ్చిందో చూస్తే నాకు తల తిరిగింది.

నర్సు అప్పుడే వచ్చినట్టుంది, డ్యూటీ బట్టల్లోనే తలుపు తీసింది. మమ్మల్ని చూసి నవ్వింది. కూర్చోమంది. మామయ్యగారు కూర్చోలేదు. తలుపు మూసి గడియ కోసం చూశారు, గడియ లేదు. అంకెల తాళం ఉంటే గడియెందుకని అప్పట్లో పీకేయించింది కూడా మేమే.

నిలబడే చెప్పారు. మొత్తం చెప్పారు. ఉచిత ప్రోగ్రామ్, కాపలావాణ్ణి పంపేయడం, గురువారం తొందరపడి మార్చడం, పదిహేడో నంబరు మూడుసార్లు తెరవడం. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆఖరున ఒక్క మాటే అన్నారు.

"పూచీ అన్నాను. నిలబెట్టుకోలేకపోయాను తల్లీ."

ఆమె అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏ ఒక్కటీ చెయ్యలేదు. ఆస్పత్రిలో కట్టు విప్పి పుండు చూసినట్టు శ్రద్ధగా వింది. విన్నాక మామయ్యగారి మోచెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకి నడిపించి, నేల చూపించింది.

తలుపు పక్కన పెద్ద చెక్క బీరువా ఉంది. దాని కాళ్ళ కింది నుంచి తలుపు దాకా నేల మీద గీతలు పడి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. ఒకదాని మీద ఒకటి పడి, గచ్చు అరిగి, వేలు పట్టేంత గాడి అయింది.

"రోజూ పడుకునే ముందు జరుపుతాను, లేచాక వెనక్కి నెడతాను," అంది. "మీ తాళం మీద కోపంతో కాదు బాబాయ్. మీరెంత మంచివాళ్ళో నాకు తెలుసు. తాళాన్ని నమ్మడమే నాకు చేతకాలేదు."

రెండేళ్ళు. ఏడు వందల రాత్రులు. ఈ సన్నపాటి మనిషి, ఎనిమిది గంటలు రోగుల్ని ఎత్తి దించి వచ్చి, ఈ బీరువాని ఒంటరిగా అన్నిసార్లూ లాగింది. ఒకరికి చెప్పలేదు. మేం గొప్ప తాళం అమ్మామని మురిసిపోతుంటే, కనిపించినప్పుడల్లా బాగుందండీ అని నవ్వింది.

మామయ్యగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ గాడిలో వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించారు. పొద్దున్న తెర అంచు మీద నడిపిన వేలే. ఏ గీత చూసినా కథ చెప్పేసే మనిషి ఈ గీతలకి ఏమీ చెప్పలేదు. ఆయన కళ్ళు తడిశాయి. నాకైతే ఆమె పాదాలు తాకాలనిపించింది. పొద్దుటి నుంచి ఒక దొంగ పనితనాన్ని చూసి నోరు వెళ్ళబెట్టుకుని ఉన్నాను. చూడాల్సింది ఇక్కడుంది.

ఆయన లేచి, ముక్కు ఎగబీల్చి, పనిలోకి దిగారు. అంకెల తాళం విప్పేసి ఇనప తాళం పెడతానన్నారు. తాళమే తీసేస్తున్నాం కదా అని అంకెలు మార్చే సంగతి ఎవరమూ తలవలేదు. పెట్టాక కూడా బీరువా జరుపుకో తల్లీ, నేనేమీ అనుకోను అన్నారు. ఆమె నిజంగా నవ్వింది. టీ పెడతానంటే నేను వద్దనలేదు. నాలుగు మరల్లో రెండు విప్పారు. మూడోదాని మీద స్క్రూడ్రైవర్ పెట్టారు.

బయట మెట్ల మీద అడుగులు ఆగాయి.

పక్కింటివాళ్ళేమో అనుకున్నాను. తర్వాత తలుపు అవతల, మా తాళం మీద, ఒక మోత వినిపించింది. అంకె నొక్కితే వచ్చే చిన్న మోత. మామయ్యగారి చెయ్యి స్క్రూడ్రైవర్ మీదే ఆగింది.

రెండో మోత.

నర్సు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఖాళీ కప్పు. మా ఇద్దర్నీ చూసింది. ఈ తలుపు అంకెలు తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే, ముగ్గురమూ లోపలే ఉన్నాం. మూడో మోత. నొక్కుతున్నవాడు తొందరపడటం లేదు, కాగితం చూసి నొక్కుతున్నాడు.

ఆమె కప్పు కింద పెట్టి, ఒక్క అంగలో వెళ్ళి బీరువాకి భుజం ఆనించింది. పక్కన మామయ్యగారు, ఆయన పక్కన నేను. నాలుగు. ఐదు. బీరువా తన గాడిలో పడి కదిలింది, ఇంకా మూరెడు దూరం ఉంది.

ఆరో మోత వినిపించింది. తాళం లోపల మోటారు తిరిగింది. అంకెలు సరిపోతే చాలు, నొక్కింది ఎవరని అది అడగదు. అడగకపోవడమే దాని గొప్పతనమని చెప్పి ఆమెకి అమ్మింది నేనే.